గూగుల్ సెర్చ్ కన్సోల్ సమీక్ష: కీవర్డ్‌ల విషయంలో రాసేవారికి ఇది ఎంతవరకు ఉపయోగం?

వెబ్‌సైట్లకు వ్యాసాలు రాసేవారి చేతికి కీవర్డ్‌ల, అంటే శోధనలో టైపు చేసే మాటల, పేరుతో వచ్చే పరికరాలు ప్రధానంగా రెండు రకాలు. ఒక పదం పేజీలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, ఇంకా ఎన్నిసార్లు రావాలో చెప్పేవి మొదటి రకం. పాఠకులు ఏ మాటలు టైపు చేసి ఆ పేజీ దాకా వచ్చారో చూపేవి రెండో రకం. గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్ ఈ రెండో రకానికి చెందినది. చాలామంది దీనిని సైట్ సాంకేతిక వ్యవహారాలు చూసుకునేవారి పనిముట్టుగానే భావించి, పేజీ ఇండెక్స్ అయిందా (గూగుల్ జాబితాలో చేరిందా), సైట్‌లోని పేజీల పట్టిక అయిన సైట్‌మ్యాప్ అందిందా, లోపాలేమైనా నమోదయ్యాయా అని చూసి మూసేస్తారు. ఈ సమీక్షలో ఆ భాగాలను పక్కన పెట్టి, కీవర్డ్‌లను ఇంగితంతో వాడుకోవాలనుకునే రచయితకు ఇందులోని పెర్ఫార్మెన్స్ నివేదిక ఏ మేరకు పనికొస్తుందన్న విషయాన్ని మాత్రమే పరిశీలిస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఇప్పటికే రాసి ఉన్న పేజీని సరిదిద్దుకోవడానికి దీనిని మించిన ఉచిత పరికరం నాకు కనిపించలేదు. కొత్తగా ఏ విషయం మీద రాయాలో తేల్చుకోవడానికి మాత్రం దీనినొక్కదాన్నే నమ్ముకోవడం మంచిది కాదు.

చాలాకాలం వెబ్‌మాస్టర్ టూల్స్ అన్న పేరుతో నడిచిన ఈ సేవకు 2015లో ప్రస్తుత పేరు వచ్చింది. 2018లో వచ్చిన కొత్త రూపంతో, అంతకుముందు 90 రోజులకే పరిమితమైన శోధన వివరాలు 16 నెలల వరకు దొరకడం మొదలైంది. పరీక్షలు, సెలవులు, వర్షాలు వంటి కాలాన్ని బట్టి వెతికే విషయాల మీద రాసేవారికి ఈ మార్పు ఎంతో మేలు చేసింది. ఈ నెల పాఠకులు తగ్గడానికి పేజీలోని లోపం కారణమా, లేక ఆ విషయానికి ఇది అదను కాకపోవడమా అన్నది గత ఏడాది ఇదే నెలతో పోల్చి చూస్తే గాని తెలియదు. సేవలో చేరడానికి డబ్బు కట్టనక్కర్లేదు, సైట్ తమదేనని నిరూపించుకుంటే చాలు. గూగుల్ ఇచ్చే చిన్న హెచ్‌టీఎంఎల్ ఫైలును సైట్‌లో ఉంచడం, హోమ్ పేజీలో ఒక మెటా ట్యాగ్ చేర్చడం, డొమైన్ సెట్టింగుల్లో ఒక టీఎక్స్‌టీ రికార్డు పెట్టడం వంటి మార్గాలు అందుకు ఉన్నాయి. మొత్తం డొమైన్‌ను కలిపి చూడాలనుకుంటే చివరి మార్గమే శరణ్యం.

ఇలాంటి వివరాలకు ఇంత విలువ రావడానికి ఒక కారణం ఉంది. సందర్శకులు ఏ పదాలతో వెతికి వచ్చారన్నది ఒకప్పుడు సైట్ సందర్శనలను నమోదుచేసే సాధారణ అనలిటిక్స్ లెక్కల్లోనే కనిపించేది. 2011 అక్టోబరు నుంచి గూగుల్ లాగిన్ అయినవారి శోధనలను ఎన్‌క్రిప్ట్ చేయడం (ఇతరులు చదవలేని రూపంలోకి మార్చడం) మొదలుపెట్టి, 2013లో దానిని అందరి శోధనలకూ వర్తింపజేయడంతో, ఆ పదాలు ఉండవలసిన చోట ‘నాట్ ప్రొవైడెడ్’ అన్న మాట తప్ప దాదాపుగా ఏమీ మిగలలేదు. అప్పటి నుంచి తమ పేజీకి పాఠకులను తెచ్చిన అసలు మాటలు తెలుసుకోవాలంటే సైట్ యజమానులకు ఈ నివేదికే ప్రధాన ఆధారం.

నివేదికలో నాలుగు అంకెలుంటాయి. ఫలితాల్లో మన లింకు ఎన్నిసార్లు వచ్చిందో ఇంప్రెషన్లు చెబుతాయి. దానిని ఎన్నిసార్లు నొక్కారో క్లిక్కులు చెబుతాయి. క్లిక్కులను ఇంప్రెషన్లతో భాగించగా వచ్చే శాతం సీటీఆర్. ఫలితాల్లో మన లింకు ఎన్నో వరుసలో ఉందో సగటున చెప్పేది నాలుగోది. పాఠకుడు తెర కిందికి జరిపి మన లింకును కళ్లారా చూడకపోయినా, అది ఉన్న ఫలితాల పేజీ తెరుచుకుంటే సాధారణ ఫలితాలకు ఇంప్రెషన్ నమోదవుతుంది. ఈ సంగతి తెలియక, ఇంతమంది చూసి కూడా నొక్కలేదేమిటని బాధపడేవారు ఉంటారు.

ఇక అసలు పని ఎలా ఉంటుందో ఒక పేజీ ద్వారా చూపిస్తాను. నేను నిర్వహణ చూసుకునే ఒక సైట్‌లో ‘నీట మునిగిన మొబైల్ సంరక్షణ విధానాలు’ అన్న శీర్షికతో ఒక వ్యాసం ఉంది. పేజెస్ ట్యాబ్‌లో ఆ వ్యాసాన్ని ఎంచుకుని క్వెరీస్ ట్యాబ్‌కు వెళితే పాఠకుల మాటలు ఒక్కొక్కటిగా కనిపించాయి: ‘ఫోన్ తడిస్తే ఏం చేయాలి’, ‘ఛార్జింగ్ పిన్‌లో నీళ్లు పోతే’, ‘తడిసిన ఫోన్ బియ్యంలో పెట్టవచ్చా’, ‘ఫోన్ స్పీకర్‌లో నీళ్లు ఎలా తీయాలి’. శీర్షికలో ఉన్న ‘సంరక్షణ’ ఆ జాబితాలో ఎక్కడా లేదు. ‘విధానాలు’ సంగతి సరేసరి. వ్యాసం మొదటి మూడు పేరాలు నీరు ఎలక్ట్రానిక్ పరికరాలను ఎలా దెబ్బతీస్తుందో వివరిస్తున్నాయి. ఫోన్ చేతిలో పట్టుకుని కంగారుగా వెతుకుతున్న మనిషికి కావలసిన మాట నాలుగో పేరాలో ఉంది.

ఈ నాలుగు ప్రశ్నలు నాలుగు రకాల నిర్ణయాలను కోరాయి. మొదటి ప్రశ్నకు వ్యాసంలో సమాధానం ఉంది కానీ పాఠకుడి మాటల్లో లేదు. అందుచేత శీర్షికను ‘ఫోన్ తడిస్తే వెంటనే ఏం చేయాలి?’ అని మార్చి, స్విచాఫ్ చేయాలి, ఛార్జింగ్ పెట్టకూడదు అన్న మాటలను మొదటి వాక్యంలోకి తెచ్చాము. రెండో ప్రశ్నకు సమాధానం ఒక పొడవాటి పేరా మధ్యలో ఇరుక్కుని ఉంది. దానికి ఒక ఉపశీర్షిక ఇచ్చి, ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టి, గాలి ఆడే చోట ఆరనివ్వాలన్న సూచనను విడదీశాము. మూడో ప్రశ్నకు వ్యాసంలో సమాధానమే లేదు. నూకలు, బియ్యపు పొడి రంధ్రాల్లోకి చేరి ఫోన్‌కు హాని చేయవచ్చు కాబట్టి బియ్యంలో పెట్టవద్దని ఒక చిన్న భాగం కొత్తగా రాయవలసి వచ్చింది. నాలుగో ప్రశ్న విషయంలో వ్యాసానికి ఏమీ చేర్చలేదు. స్పీకర్ గురించి అడిగేవారి ఫోన్ మామూలుగానే పనిచేస్తూ ఉంటుంది, శబ్దం మాత్రమే మసకగా వస్తుంటుంది; వారి అవసరం వేరు, వారికి వేరే పేజీ కావాలి. ఆ మాటను ఈ వ్యాసంలో రెండుచోట్ల దూర్చినంత మాత్రాన వారికి ఒరిగేదేమీ లేదు. కీవర్డ్‌ను వాడటంలో ఇంగితం అని నేను అంటున్నది ఈ నాలుగో నిర్ణయాన్ని కూడా కలుపుకునే. ఏ మాటను పేజీలోకి రానివ్వకూడదో నిర్ణయించడానికి కూడా ఈ నివేదిక ఆధారమిస్తుంది.

ఇదే పేజీని వ్యాసంలో కీవర్డ్‌లను లెక్కపెట్టి మార్కులు వేసే, పేరు చెప్పనవసరం లేని ఒక స్కోరింగ్ ప్లగిన్‌కు చూపించినప్పుడు జరిగినది దీనికి పూర్తిగా భిన్నం. ప్రధాన కీవర్డ్‌గా ‘తడిసిన ఫోన్’ అని ఇస్తే, వ్యాసంలో ఆ కీవర్డ్ తగినన్నిసార్లు లేదని ఎర్ర దీపం వెలిగింది. అప్పటికి వ్యాసంలో ‘ఫోన్ తడిస్తే’, ‘తడిసిపోయిన ఫోన్’, ‘ఫోన్ తడిగా ఉన్నప్పుడు’ వంటివి కావలసినన్ని ఉన్నాయి. తెలుగులో మాట వాక్యంలో ఒదిగే తీరు అదే. ప్లగిన్‌కు మాత్రం అక్షరం పొల్లుపోకుండా అదే జంట కావాలి. దీపం ఆకుపచ్చగా మారే వరకు ఆ జంటను చేర్చుకుంటూ పోతే మొదటి పేరా ఇలా తయారైంది: ‘తడిసిన ఫోన్ ఉన్నవారు తడిసిన ఫోన్ విషయంలో ఆందోళన చెందకుండా ఈ తడిసిన ఫోన్ చిట్కాలు పాటించవచ్చు.’ మనిషన్నవాడు ఎవడూ అలా మాట్లాడడు. ఆ వాక్యానికి ఆ ప్లగిన్ ఇచ్చిన మార్కులు మాత్రం ఘనంగానే ఉన్నాయి.

శోధన యంత్రాలు పదాల లెక్కతోనే నడుస్తాయన్న నమ్మకం ఏనాటిదో. పాఠకుడికి కనిపించని మెటా కీవర్డ్స్ ట్యాగ్‌లో పదాలు గుప్పించే అలవాటు చాలాకాలం సాగింది. ర్యాంకింగ్‌లో, అంటే ఫలితాల వరుసను నిర్ణయించడంలో, ఆ ట్యాగ్‌ను తాము పరిగణించబోమని గూగుల్ 2009 సెప్టెంబరులో బహిరంగంగానే చెప్పింది. గూగుల్ శోధన పద్ధతిలో 2011లో వచ్చిన పాండా మార్పు పసలేని పేజీలను, 2012లో వచ్చిన పెంగ్విన్ కృత్రిమ లింకుల వంటి అడ్డదారులను దెబ్బకొట్టాయి. 2013లో వచ్చిన హమ్మింగ్‌బర్డ్ విడి పదాలకన్నా మొత్తం ప్రశ్నకు ప్రాధాన్యమిచ్చింది. 2019 అక్టోబరులో ఆంగ్ల శోధనలతో మొదలైన బర్ట్ అనే భాషా నమూనా అదే ఏడాది డిసెంబరులో 70కి పైగా భాషలకు విస్తరించి, వాక్యంలో ఒక మాట ముందు వెనుకల ఉన్న మాటలను బట్టి అర్థాన్ని పట్టుకోవడానికి తోడ్పడింది. కీవర్డ్ స్టఫింగ్, అంటే పదాలను అసహజంగా కుక్కడం, గూగుల్ స్పామ్ విధానాల్లో పేరు పెట్టి చెప్పిన తప్పు. వ్యాసం ఇన్ని పదాలుండాలన్న నియమం కూడా గూగుల్ మార్గదర్శకాల్లో లేదు. ఇన్ని శాతం కీవర్డ్ ఉండాలని గీత గీసే పరికరాలకు ఆధారం ఎక్కడి నుంచి వస్తుందో ఆ పరికరాలను తయారుచేసినవారే చెప్పాలి.

అలాగని పదాలకు విలువ లేదనుకోవడమూ పొరపాటే. పాఠకుడు ‘ఫోన్’ అంటుంటే పేజీ అంతటా ‘చరవాణి’ అని రాస్తే ఆ ఇద్దరూ కలుసుకునే అవకాశం తగ్గుతుంది. ఫలితాల్లో లింకుగా కనిపించే టైటిల్, పేజీలోని ప్రధాన శీర్షిక, మొదటి పేరా, విషయం మారే చోట ఉపశీర్షికలు, బొమ్మ ఏమిటో చెప్పే ఆల్ట్ వాక్యం, మరో పేజీకి ఇచ్చే లింకు మీది మాటలు: పాఠకుడి పదం ఈ స్థలాల్లో సందర్భానికి తగినట్టు కనిపిస్తే చాలు, మిగిలిన వ్యాసం తన సహజమైన భాషలో తాను నడవవచ్చు. పేజీ గురించి క్లుప్తంగా చెప్పే మెటా డిస్క్రిప్షన్ ర్యాంకును పెంచకపోయినా, ఫలితాల్లో లింకు కింద చాలాసార్లు అదే కనిపిస్తుంది కనుక నొక్కాలా వద్దా అన్న నిర్ణయంలో దానికి భాగముంది. సెర్చ్ కన్సోల్‌లో ఇంప్రెషన్లు బాగా ఉండి, స్థానమూ మొదటి పేజీలోనే ఉండి, సీటీఆర్ మాత్రం తక్కువగా ఉన్న ప్రశ్నలు కనిపిస్తే నేను వ్యాసం జోలికి పోకుండా ముందుగా టైటిల్‌ను, ఈ వివరణనే చూస్తాను. మనం రాసిన టైటిల్‌నే గూగుల్ ప్రతిసారీ చూపాలన్న నియమమేమీ లేదు. ప్రశ్నకు తగదనిపిస్తే పేజీలోని మరో శీర్షికను ఎత్తి చూపడం కద్దు. అందుచేత ఆ ప్రశ్నను స్వయంగా వెతికి, ఫలితం ఎలా కనిపిస్తోందో చూసిన తర్వాతే మార్పు గురించి ఆలోచించడం మంచిది.

నివేదికలో అంతగా ఎవరూ వాడని సదుపాయాలు రెండున్నాయి. మొదటిది 2021లో చేర్చిన రెగెక్స్ వడపోత, అంటే మాటల నమూనా ఇచ్చి వెతికే సదుపాయం. క్వెరీ వడపోతలో దానిని ఎంచుకుని ‘ఎలా’, ‘ఎందుకు’, ‘ఎంత’, ‘ఏమిటి’ అన్న మాటల మధ్య నిలువు గీతలు పెట్టి ఇస్తే, ఆ మాటలతో ప్రశ్న రూపంలో వచ్చిన శోధనలు ఒకచోట చేరతాయి. ఉపశీర్షికలు రాయడానికి అంతకన్నా మంచి ముడిసరుకు దొరకదు. తెలుగువారిలో చాలామంది తెలుగు మాటలను రోమన్ లిపిలో టైపు చేస్తారు కాబట్టి ఆ రూపాలను కూడా వడపోతలో చేర్చాలి. అయితే వాటిని చూసి వ్యాసంలో రోమన్ లిపి తెలుగును చొప్పించడం అనవసరం. పాఠకుడి అవసరం ఏమిటో తెలుసుకోవడానికే ఆ రూపాలు ఉపయోగం.

రెండోది, ఒక ప్రశ్నను ఎంచుకుని పేజెస్ ట్యాబ్‌కు వెళ్లడం. ఒకే ప్రశ్నకు మన సైట్ నుంచి రెండు మూడు పేజీలు వంతులవారీగా కనిపిస్తున్నాయంటే, ఒకే అవసరం మీద వేర్వేరు కీవర్డ్‌లు పెట్టి పేజీలు రాయించారన్నమాట. ‘ఫోన్ తడిస్తే’కి ఒకటి, ‘మొబైల్ తడిస్తే’కి ఒకటి, ‘సెల్ నీళ్లలో పడితే’కి మరొకటి రాయించే సైట్లు కోకొల్లలు. వాటిలో బలమైన పేజీని ఉంచి, మిగిలినవాటిలో పనికొచ్చే భాగాలను అందులో కలిపి, పాత చిరునామాలను 301 రీడైరెక్ట్‌తో దానికి మళ్లించడం మేలు. రెండు పేజీలు రెండు వేరు అవసరాలను తీరుస్తున్నప్పుడు మాత్రం వాటిని కలపకూడదు. ప్రశ్న ఒకటే అయినా అడిగేవారు వేరు కావచ్చు.

లోపాల సంగతికి వస్తే, మొదటిది దాచిన ప్రశ్నలు. కొద్దిమందే వెతికిన ప్రశ్నలను గోప్యత కోసం గూగుల్ పట్టికలో చూపించదు; వాటి క్లిక్కులు పైనున్న మొత్తంలో కలుస్తాయి కానీ కింది వరుసల్లో కనిపించవు. అందువల్ల వరుసలన్నీ కూడినా మొత్తానికి సరిపోదు. చిన్న సైట్లకు, అరుదైన విషయాల మీద రాసేవారికి ఇది నిజంగా పెద్ద లోటు, ఎందుకంటే వారి పాఠకులు అడిగేవన్నీ అలాంటి ప్రశ్నలే. పెద్ద సైట్లకు ఇబ్బంది మరో రకంగా ఉంటుంది: తెర మీద పట్టిక 1000 వరుసలకు మించదు. ఒక్కొక్క పేజీని ఎంచుకుని చూస్తే ఈ పరిమితి చాలావరకు బాధించదు గాని, మొత్తం సైట్‌ను ఒకేసారి చూడాలనుకుంటే ప్రోగ్రాములతో వివరాలు రాబట్టే ఏపీఐ ద్వారా తెచ్చుకోవలసిందే. అది రచయితల పని కాదు.

సగటు స్థానం మరీ మోసపూరితమైన అంకె. ఒక పేజీ ఒక ప్రశ్నకు 2వ స్థానంలో 100 సార్లు, ఇంకొక ప్రశ్నకు 50వ స్థానంలో 100 సార్లు కనిపించిందనుకుందాం. సగటు 26 అని వస్తుంది. నిజానికి 26వ స్థానంలో ఆ పేజీ ఎన్నడూ లేదు. వ్యాసానికి మంచి చేర్పులు చేసినప్పుడు అది కొత్త ప్రశ్నలకు దూరపు స్థానాల్లో కనిపించడం మొదలై, సగటు పడిపోయినట్టు కనిపిస్తుంది. క్లిక్కులు పెరుగుతున్నా రచయితను నిలదీసే యజమానులకు ఈ అంకె ఆయుధమవుతుంది. సగటు స్థానాన్ని ఒక పేజీకి, ఒక ప్రశ్నకు విడదీసి చూడాలి. సైట్ మొత్తానికి కలిపి చూసిన సగటుతో ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

అన్నిటికన్నా పెద్ద పరిమితి ఈ పరికరం స్వభావంలోనే ఉంది. మన పేజీ ఏ ప్రశ్నకైనా ఫలితాల్లో కనిపిస్తేనే ఆ ప్రశ్న ఇక్కడికి వస్తుంది. మనం ఇంతవరకు ముట్టని విషయాల గురించి ఇది నోరు విప్పదు. అందుకే కొత్త విషయాల ఎంపికకు దీనిని నమ్ముకోవద్దని మొదట్లో అన్నాను. ఆ పనికి గూగుల్ ప్రకటనల విభాగంలోని కీవర్డ్ ప్లానర్‌ను, గూగుల్ ట్రెండ్స్‌ను తోడు తెచ్చుకోవచ్చు, వాటి అంకెలను ఎలా చదవాలో తెలిసి ఉంటే. ప్లానర్‌లో ‘కాంపిటీషన్’ అన్న వరుస ప్రకటనకర్తల మధ్య పోటీని చూపుతుంది. వ్యాసం ర్యాంకు కావడం తేలికా కష్టమా అన్నదానితో దానికి సంబంధం లేదు. ప్రకటనలకు ఖర్చు పెట్టని ఖాతాలకు సాధారణంగా నెలవారీ శోధనలు విడి అంకెలుగా కాక విస్తారమైన పరిధులుగా కనిపిస్తాయి. ట్రెండ్స్‌లోని 0 నుంచి 100 వరకు ఉండే అంకెలు ఎంచుకున్న కాలంలోని గరిష్ఠ ఆసక్తితో పోల్చి చెప్పినవే తప్ప శోధనల సంఖ్య కావు. రెండు మాటల్లో పాఠకులు దేనిని ఎక్కువగా వాడుతున్నారో తేల్చుకోవడానికి ట్రెండ్స్ చక్కగా పనికొస్తుంది.

పేజీని సవరించిన తర్వాత ఓపిక పట్టడం కూడా ఈ పరికరాన్ని వాడటంలో భాగమే. గూగుల్ పేజీని తిరిగి చదవాలి, ఫలితాలు సర్దుకోవాలి, నివేదికలోకి లెక్కలు చేరాలి. సెర్చ్ కన్సోల్‌లో ఒక్కో పేజీ స్థితిని చూపే యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ ద్వారా పేజీని మళ్లీ చూడమని అభ్యర్థించవచ్చు గాని అది వెంటనే జరుగుతుందన్న హామీ లేదు. సవరణ చేసిన తేదీని ఎక్కడైనా రాసి ఉంచుకుని, దానికి ముందు వెనుకల సమానమైన రోజులను కంపేర్ సదుపాయంతో పక్కపక్కన పెట్టి చూడాలి. శీర్షికను, ఉపశీర్షికలను, వ్యాసాన్ని ఒకేసారి మార్చేస్తే ఏది ఫలించిందో ఆ తర్వాత చెప్పడం కష్టం.

సంస్థలకు రాసే రచయితలకు చాలాచోట్ల ఈ నివేదిక అందుబాటులోనే ఉండదు. కీవర్డ్‌ల జాబితా ఒకటి పైనుంచి వస్తుంది, దానిని వ్యాసంలో ఎన్నిసార్లు వాడాలో కూడా అందులోనే రాసి ఉంటుంది. సెర్చ్ కన్సోల్‌లో యజమాని మరొకరికి పూర్తి అనుమతిని గాని పరిమిత అనుమతిని గాని ఇవ్వవచ్చు. పరిమిత అనుమతి ఉన్నవారు పెర్ఫార్మెన్స్ నివేదికను చదవగలరు, ఇతరులకు అనుమతులు ఇవ్వడం, తీసేయడం వంటివి చేయలేరు. వ్యాసాలు రాసేవారు అడగవలసినది ఈ పరిమిత అనుమతినే. ఇవ్వడానికి యజమానికి ఖర్చేమీ లేదు, సెట్టింగుల్లో యూజర్లను చేర్చే చోట ఒక ఈమెయిల్ చిరునామా టైపు చేస్తే సరిపోతుంది.